కొత్త టైర్లు వేయించాక

బండికి కొత్త టైర్లు వేయించి, పది రోజులు తిరగకముందే ఒక చక్రాన్ని మళ్ళీ విప్పించుకోవలసి వచ్చిన ఉదంతం ఇది. చక్రాలు, నట్లు, తుప్పు గురించిన మాటలు కాస్త ఎక్కువగానే ఉంటాయి. సాహిత్యం కోసం ఇటు తొంగిచూసే మిత్రులు ఈ ఒక్కసారికి మన్నించాలి. చాన్నాళ్ళుగా రాద్దామనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. వాయిదాకు కారణం బద్ధకం ఒక్కటే కాదని చదివితే మీకే తెలుస్తుంది.

ముందు బండి సంగతి. మా అన్నా నేనూ కలిసి 2022 చివర్లో బెంగుళూరులో ఒక పాత మినీబస్సు కొన్నాం. కొన్నది బస్సే కానీ, అంతకు ముందరి యజమాని దాన్ని ఇల్లుగా మార్చి, రిజిస్ట్రేషను కూడా ఆ ప్రకారమే చేయించి ఉన్నాడు. వెనక రెండు పడకలు, మధ్యలో గ్యాసు పొయ్యి, పైన నీళ్ళ తొట్టి, మూలన కూర్చునే వీలున్న చిన్న మరుగుదొడ్డి. సినిమావాళ్ళు క్యారవాన్ అనేది ఇలాంటి బండినే. దాన్ని కలిగిరి తెచ్చి ఇంటి ముందు నిలిపిన రోజున వీధిలోని పెద్దవాళ్ళు చూసి "చైతన్యరథం వచ్చిందిరోయ్" అని నవ్వారు. వాళ్ళ తరానికి ఇల్లులాంటి బండి అంటే అదే మరి. 1982లో రామారావు గారు పాత షెవర్లే వ్యానును మార్పించుకుని, రోడ్డు పక్కనే స్నానం, అక్కడే భోజనం, అందులోనే నిద్రగా రాష్ట్రమంతా తిరిగారు. జనం ఆయన్ని చూడటానికి పోతే మా నాయన మాత్రం బండి నడిపే హరికృష్ణను చూడటానికి పోయాడట. "అంత జనంలో క్లచ్చు మీద కాలుపెట్టి గంటలు గంటలు నడపడం మాటలా" అంటాడు ఇప్పటికీ. (ఆ హరికృష్ణ 2018 ఆగస్టులో మా కావలికే ఒక పెళ్ళికి తానే కారు నడుపుకుంటూ వస్తూ నల్లగొండ దగ్గర ప్రమాదంలో పోయినప్పుడు, నాయన ఆ పూట అన్నం ముట్టలేదు.)

నాయన ఆర్టీసీ డ్రైవరు. ఉదయగిరి డిపోలోనూ ఆత్మకూరు డిపోలోనూ కలిపి ముప్పై రెండేళ్ళు బస్సు నడిపి 2007లో రిటైరయ్యాడు. ఊళ్ళో ఇప్పటికీ ఆయన్ని డ్రైవరన్న అనే పిలుస్తారు.

బండి కొనడానికి కారణం గంగా పుష్కరాలు. 2011 మే నెలలో పుష్కరాలకు అమ్మా నాయనా కాశీకి పోవాలని రైలు టిక్కెట్లు కూడా తీసుకున్నారు. ప్రయాణానికి ముందు అమ్మకు జబ్బు చేసింది. టిక్కెట్లు రద్దు చేసుకున్నాం. ఆ ఏడాది మార్గశిరంలో అమ్మ పోయింది. గురుడు మేషంలోకి మళ్ళీ వచ్చేది పన్నెండేళ్ళకు, అంటే 2023 ఏప్రిల్ 22న. ఆ తరవాత 2035. డెబ్బై నాలుగేళ్ళ మనిషికి 2035 అనే మాట ఎవరం చెప్పగలం? ఆయనా అడగలేదు. "ఈసారి పోదాం" అన్నాడు, అంతే.

అయితే ఈ పన్నెండేళ్ళలో నాయనకు కంపవాతం వచ్చింది. డాక్టర్ల భాషలో పార్కిన్‌సన్ జబ్బు. కుడిచెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకున్నప్పుడు బొటనవేలూ చూపుడువేలూ మాత్ర చుడుతున్నట్టు ఆడుతుంటాయి. రైల్లో మరుగుదొడ్డికి పోవడం, పై మెట్టు ఎక్కడం ఆయన వల్ల కాదు. అందుకని ఇంటినే తీసుకుపోదామనుకున్నాం. ఇందులో మేము కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినప్పుడు డేరాలు, వంట సామాను, పల్లకీ, బోయీలు, పరివారంతో సంసారమంతా వెంటబెట్టుకునే పోయాడు. మనవాళ్ళకు కాశీకి పోవడమంటే ఇల్లు కదలడమే.

ఏప్రిల్ మొదట్లో నాయన బండి చుట్టూ కర్ర ఊతతో ఒకసారి తిరిగి, టైరు పక్కనున్న అంకెలు చదవమన్నాడు. చివరి నాలుగంకెలు 1116. అంటే 2016వ సంవత్సరం పదకొండో వారంలో తయారైన టైరన్నమాట. అంచు మీద సన్నని పగుళ్ళు కూడా ఉన్నాయి. "గాళ్ళు బాగానే కనపడతుండాయి గానీ వయసైపోయిందబ్బయ్యా. ఎండల్లో నాగపూరు దారిలో పగిలితే ఎవురిది పూచీ?" అన్నాడు. ఆరు టైర్లూ మార్చాలి. ముందు రెండు, వెనక ఒక్కోపక్క జంటగా నాలుగు. నెల్లూరులో ఒక పెద్ద దుకాణంలో మార్పించాం. దాని పేరు ఇక్కడ అనవసరం.

కంపనం ఆ రోజే మొదలైంది. బుచ్చిరెడ్డిపాళెం వరకూ రద్దీలో ఏమీ తెలియలేదు. సంగం దాటి కలిగిరి దారి పట్టి, కాస్త వేగం అందుకోగానే బండి లోలోపల ఊగడం మొదలుపెట్టింది. గంటకు నలభై అయిదు కిలోమీటర్ల దగ్గర ఆరంభమై, యాభై, యాభై అయిదు మధ్య బాగా ముదిరి, అరవై అయిదు దాటితే సద్దుమణుగుతుంది. పొయ్యి మీది గిన్నెలు గలగలమంటున్నాయి. నాయన వెనక ఎడమవైపు పడక మీద పడుకుని ఉన్నాడు. "వెనకుండాదిరా వణుకు. ఎడమపక్క" అన్నాడు.

నేను స్టీరింగు దగ్గర ఉన్నాను. నాకు తెలిసినంతలో స్టీరింగు కూడా కొద్దిగా ఆడుతున్నట్టే ఉంది. పైగా ఆ రోజు ఎండ, డబ్బు ఖర్చు, పొద్దుటి నుంచి దుకాణంలో నిలబడిన చిరాకు. వెనక్కి తిరిగి అనేశాను: "అది నీ చెయ్యి నాయనా. బండి కాదు."

ఆ మాట అన్నాక బండిలో గిన్నెల చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. అద్దంలోంచి చూస్తే నాయన కుడిచేతిని తువ్వాలు కిందికి తోసి, కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. ఆ రాత్రి అన్నంలోకి చెంచా ఇస్తే వద్దన్నాడు. మా ఇంట్లో ఉదయగిరి చెక్క చెంచాలుంటాయి. అక్కడి పనివాళ్ళు అడవి కర్రతో చెక్కేవి, తేలిగ్గా ఉంటాయి, నోటికి తగిలినా నొప్పి పెట్టవు. రెండేళ్ళుగా నాయన దానితోనే తింటున్నాడు. ఆ పూట ఎడమచేత్తో, వేళ్ళతో, మెతుకులు రాల్చుకుంటూ తిన్నాడు. వదిన నా వంక చూసిన చూపు నేను మరవను.

మర్నాడు బండిని మళ్ళీ నెల్లూరు తీసుకుపోయాం. దుకాణంవాళ్ళు ముందు చక్రాలు రెండూ విప్పి బ్యాలెన్సింగు యంత్రం మీద పెట్టి, రిమ్ముకు సీసపు బిళ్ళలు కొట్టి మళ్ళీ బిగించారు. మార్పు లేదు. మూడోరోజు అలైన్‌మెంటు చేయాలన్నారు. చేయించాం, డబ్బు కట్టాం. అప్పుడూ మార్పు లేదు. ఇక్కడొక మాట చెప్పాలి, ఎందుకంటే నాలాగే చాలామంది ఈ రెంటినీ ఒకటిగానే అనుకుంటారు. అలైన్‌మెంటు అంటే చక్రాలు ఏ దిక్కుకు చూస్తున్నాయన్న లెక్క. అది తప్పితే బండి ఒకవైపు లాగుతుంది, టైరు ఒకవైపే అరుగుతుంది. సాధారణంగా దానివల్ల బండి ఇలా ఒక వేగం దగ్గర వణకదు. వణుకు పుట్టేది తిరిగే వస్తువు బరువులో తేడా ఉంటేనో, గుండ్రంలో తేడా ఉంటేనో. బరువులో తేడాకు సీసపు బిళ్ళ సరిపోతుంది. గుండ్రమే తప్పితే ఎన్ని బిళ్ళలు కొట్టినా లాభం ఉండదు. వెనక చక్రాలు చూడండి అని అడిగితే, జంట చక్రాలకు ఇవన్నీ అవసరముండదు సార్ అన్నారు. చదువుకున్నవాణ్ణి కదా, నమ్మాను.

తరవాతి రెండు రోజులు నా పాండిత్యానికి బలయ్యాయి. షాకబ్జార్బర్లేమో అన్నాను. ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లేమో అన్నాను. అన్నను బండి కిందికి పంపి గ్రీజు కొట్టించాను. ముందు చక్రాలు రెండూ అటూ ఇటూ మార్పించాను. రాత్రుళ్ళు టైర్ల చరిత్ర కూడా చదివాను! అందులో ఒక సంగతి నన్ను కాస్త కలవరపెట్టింది. గాలి టైరుకు 1845లోనే థామ్సన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నా, అది వాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువైద్యుడు దాన్ని మళ్ళీ తయారుచేశాడు. తన కొడుకు మూడు చక్రాల సైకిలు రాళ్ళబాట మీద కుదుపులు తినకుండా ఉండాలన్నదే ఆయన ఉద్దేశం. పిల్లవాడి నడుముకు దెబ్బ తగలకూడదని ఒక తండ్రి చేసిన వస్తువది. పుస్తకం మూసి పడుకున్నాను కానీ నిద్ర పట్టలేదు.

ఏప్రిల్ 18 సాయంత్రం. బయల్దేరడానికి ఇంకా ఆరు రోజులుంది. వింజమూరు రోడ్డు మీద బండిని మరోసారి నడిపి చూద్దామని అన్నా నేనూ ఎక్కుతుంటే నాయన కూడా వచ్చాడు. వారం రోజులుగా ఆయన బండి ప్రస్తావన తేలేదు. వెనక పడక మీద కూర్చుని, "యాభై దగ్గర పట్టుకో. పైకి పోవద్దు, కిందికి రావద్దు" అన్నాడు. పట్టుకున్నాను. గిన్నెలు మొదలెట్టాయి.

"ఇప్పుడు రోడ్డు ఖాళీగా ఉంటే గేరు తీసి వదులు."

న్యూట్రల్ చేసి వదిలాను. ఇంజను చల్లబడ్డట్టు మెత్తబడింది. ఊపు మాత్రం అలాగే ఉంది.

"ఇంజను కాదు. షాఫ్టూ కాదు. షాఫ్టయితే సన్నగా జుమ్మంటాది. బేరింగయితే మూలుగుతాది. ఇది గునుస్తుండాది."

తరవాత నేను లెక్క వేసుకుంటే ఆయన చెవి ఎంత సరైనదో తెలిసింది. షాఫ్టు చక్రం కంటే నాలుగైదు రెట్ల వేగంతో తిరుగుతుంది. దాని వణుకు ఇంత నింపాదిగా ఉండదు.

అప్పుడు అన్నను వెనక్కి పిలిచాడు. ఎడమ చక్రం గూడు పక్కన కప్పు దాకా పోయే ఇనుప కమ్మీ ఒకటుంది. దాన్ని తన కుడిచేత్తో, అదే వణికే చేత్తో, గట్టిగా పట్టుకున్నాడు. అన్న చేతిని తన చేతి మీద పెట్టించాడు. నాకు అద్దంలో కనిపిస్తూనే ఉంది.

"ఇప్పుడు నా చెయ్యి ఆడతా ఉందా?"

"లేదు నాయనా."

"చెయ్యి తీసి కమ్మీ మీద పెట్టు. ఇది ఆడతా ఉందా?"

అన్న మాట్లాడలేదు. నేను బండి పక్కకు తీసి ఆపాను.

ఆ జబ్బులోని ఒక విచిత్రం మాకు తెలియనిది కాదు. డాక్టరు మొదటిరోజే చెప్పాడు. చెయ్యి ఊరకున్నప్పుడే ఆడుతుంది, ఏదైనా గట్టిగా పట్టుకుంటే కాసేపు ఆగుతుంది. నాయన దాన్నే సాధనంగా వాడుకున్నాడు. తన వణుకును ఆపుకుని బండి వణుకును విన్నాడు. ఆ రాత్రి కాగితం తీసుకుని మరో లెక్క కూడా వేశాను. మా చక్రం చుట్టుకొలత సుమారు రెండున్నర మీటర్లు. గంటకు యాభై కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు పద్నాలుగు మీటర్లు. అంటే చక్రం సెకనుకు ఐదున్నర సార్లు తిరుగుతోంది. ఒకచోట ఎత్తుగా ఉన్న చక్రం సెకనుకు ఐదున్నర సార్లు బండిని ఎత్తేస్తుంది. కంపవాతంలో చెయ్యి ఆడేది సెకనుకు నాలుగు నుంచి ఆరు సార్లు. రెండు వణుకులదీ ఒకే లయ. బయటి నుంచి చూసేవాడికి ఏది ఏదో తెలియకపోవడంలో వింత లేదు. కానీ లోపలున్న మనిషికి తెలుసు. ఆ మనిషి చెప్పాడు కూడా.

మర్నాడు పొద్దున్నే నెల్లూరు కాక, మా ఊళ్ళోనే కావలి రోడ్డు మీదున్న పాత మేస్త్రీ దగ్గరికి పోయాం. రేకుల షెడ్డు, వేపచెట్టు, ఒక గాలి మిషను. యంత్రాలేమీ లేవు. నాయనకు చెట్టు కింద కుర్చీ వేయించాడు. "చెప్పు డ్రైవరన్నా" అన్నాడు. నాయన చెప్పాడు, ఆయన విన్నాడు. అంత సులువా వినడం అనిపించింది నాకు.

ముందు చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, ఎడమవైపు ఇరుసు కింద జాకీ ఎత్తి, గేరు న్యూట్రల్లో పెట్టారు. మేస్త్రీ ఒక కర్రను నేలమీద ఆనించి, దాని కొసన సుద్దముక్క పెట్టి టైరుకు వెంట్రుకవాసి దూరంలో పట్టుకున్నాడు. కుర్రాడు చక్రాన్ని చేత్తో తిప్పాడు. చక్రం గుండ్రంగా ఉంటే సుద్ద చుట్టూ తగలాలి, లేదా ఎక్కడా తగలకూడదు. బయటి చక్రం బాగానే ఉంది. దాన్ని విప్పి పక్కన పెట్టి లోపలి చక్రాన్ని తిప్పారు. సుద్ద ఒకవైపు మాత్రమే, బారెడు మేర గీత గీసి వదిలేసింది. మరోసారి తిప్పినా అక్కడే.

"రిమ్ము దగ్గర గీత చూడు" అన్నాడు నాయన కుర్చీలోంచి.

ఇది నేను ఎన్నడూ గమనించని సంగతి. టైరు రిమ్ములో కూర్చునే చోటుకు కాస్త పైన, టైరు మీద చుట్టూ సన్నని ఉబ్బు గీత ఒకటి పోత పోసి ఉంటుంది. టైరు సరిగ్గా కూర్చుంటే ఆ గీత రిమ్ము అంచుకు అంతటా ఒకే దూరంలో కనిపించాలి. మా చక్రంలో అది చుట్టూ బాగానే వచ్చి, ఒకచోట జానెడు మేర రిమ్ములోకి మునిగిపోయింది. అక్కడ టైరు పూర్తిగా పైకి రాలేదు. దానికి సరిగ్గా ఎదురుగా సుద్దగీత! చూడటానికి వేరే యంత్రమేదీ అక్కర్లేదు, వంగి చూస్తే చాలు. లోపలి చక్రం కనక ఎవరూ వంగలేదు.

గాలి పూర్తిగా తీసి, టైరు ఊడదీస్తే కారణం బయటపడింది. రిమ్ములో ఆ భాగాన తుప్పు పెచ్చు కట్టి ఉంది. దుకాణంలో దాన్ని గీకకుండా, సబ్బునీళ్ళు పూయకుండా పొడిగానే టైరెక్కించి గాలి కొట్టేశారు. ఆరు చక్రాల పని, మధ్యాహ్నం ఎండ, వెనక వరసలో మరో నాలుగు బండ్లు. వాళ్ళను తిట్టుకోవాలని కూడా అనిపించలేదు. నేనూ చూడనివాణ్ణే కదా. మేస్త్రీ వైరు బ్రష్షుతో తుప్పంతా గీకి, అంచులకు సబ్బునీళ్ళు పూశాడు. టైరు మీద ఒక పసుపు చుక్క ఉంటుంది. అది టైరులో తేలికైన చోటు. దాన్ని గాలి వాల్వు పక్కనే వచ్చేలా తిప్పి ఎక్కించాడు. రింగు నేలవైపు ఉండేలా చక్రాన్ని పడుకోబెట్టి, మమ్మల్నందరినీ దూరం జరగమని గాలి కొట్టాడు. ఆ రింగు ఎగిరితే మనిషి మిగలడని నాయన చెప్పాడు. డిపోలో ఒకసారి చూశాడట. వివరం అడగలేదు.

తిరిగి బిగించేటప్పుడు నట్లు వరసగా కాక, ఒకటి బిగించాక దానికి ఎదురుది, ఇలా కొంచెం కొంచెంగా బిగించారు. వరసగా బిగిస్తే చక్రం ఒకవైపు ఒదిగి కూర్చుంటుంది. చక్రానికీ హబ్బుకూ మధ్య కూడా బ్రష్షుతో గీకారు. మొత్తం రెండు గంటల పని. మేస్త్రీ అడిగిన డబ్బు చెబితే మీరు నవ్వుతారు. నెల్లూరులో అలైన్‌మెంటుకు కట్టినదాంట్లో మూడోవంతు కూడా లేదు.

సాయంత్రం మళ్ళీ వింజమూరు రోడ్డు. నలభై అయిదు, యాభై, యాభై అయిదు. గిన్నెలు పలకలేదు. నాయన కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపటికీ వదలలేదు. ఇంటికి వచ్చి బండి ఆపాక నేను వెనక్కి పోయి ఆయన పక్కన కూర్చున్నాను. ఆ రోజు నేనన్న మాట గురించి ఏదో చెప్పబోయాను. "పో, పోయి స్టెప్నీలో గాలి చూసుకో. అది పాత టైరే కదా" అన్నాడు. చేతిని మాత్రం తువ్వాలు కింద దాచుకోలేదు. ఆ రాత్రి చెక్క చెంచాతోనే తిన్నాడు.

ఏప్రిల్ 24 తెల్లవారుజామున బయల్దేరాం. కావలి దగ్గర హైవే ఎక్కి, ఒంగోలు దగ్గర్లో ఒక పెట్రోలు బంకు కనపడగానే నాయన ఆపమన్నాడు. చక్రం విప్పి బిగించాక ఎనభై, వంద కిలోమీటర్లకు నట్లు మరోసారి చూడాలట. కొత్తగా గీకిన చోట చక్రం సర్దుకుంటుంది, అప్పుడు బిగువు తగ్గుతుంది. నాకు టీ తాగాలని ఉంది, ఎండెక్కక ముందే విజయవాడ దాటాలనీ ఉంది. అయినా స్పానరు తీసుకుని దిగాను. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తున్నాడు. ఎడమవైపు వెనక చక్రం, మూడో నట్టు, పావు చుట్టు తిరిగింది.